ముందు యాక్సిల్ అరిగిందా? గుర్తుపట్టడం, ఇంటి దగ్గరే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, ఐ20 లాంటి ముందు చక్రాలతో నడిచే కార్లున్నవాళ్లకు పదే పదే వచ్చే సందేహాలివి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అందువల్ల ముఖ్యమైన జాగ్రత్తలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి.

## మొదటి దశ: అసలు పోయిందేమిటి?

మెకానిక్ "యాక్సిల్ పోయింది" అంటున్నాడు. అసలు యాక్సిల్ అంటే ఏది?

గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రానికి శక్తిని అందించే ఉక్కు షాఫ్ట్. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి ఉంటాయి. బిల్లుల్లో డ్రైవ్ షాఫ్ట్ అని రాస్తారు. దాని రెండు చివర్లా రెండు జాయింట్లుంటాయి. వీల్ సైడు జాయింట్‌లో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు ఉంటాయి, స్టీరింగ్ తిప్పినప్పుడు వంగేది ఇదే. గేర్‌బాక్స్ సైడు జాయింట్‌లో ఎక్కువ కార్లకు మూడు రోలర్లుంటాయి, సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడినప్పుడు షాఫ్ట్ లోపలికీ బయటికీ జరగడానికి వీలిచ్చేది ఇది. రెండింటినీ మడతల రబ్బరు బూట్లు కప్పి ఉంచుతాయి. కడ్డీ విరగడం అరుదు, అరిగేవి జాయింట్లే. ఈకో, బొలెరో, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాలతో నడుస్తాయి కాబట్టి ఈ సంగతులు వాటికి వర్తించవు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే టకటకమంటోంది. యాక్సిలేనా?

దాదాపుగా అవును, వీల్ సైడు జాయింట్. గుండ్లు తిరిగే గాడుల్లో గుంటలు పడ్డాయని అర్థం. ఖాళీ మైదానంలో స్టీరింగ్ ఒక వైపు చివరిదాకా తిప్పి, మొదటి గేర్‌లో మెల్లగా గుండ్రంగా తిరగండి. తర్వాత రివర్స్‌లోనూ అలాగే తిప్పండి. కారు వేగంతో పాటు టకటకలు కూడా దగ్గరపడి, యాక్సిలరేటర్ వదలగానే తగ్గితే అనుమానం అక్కర్లేదు. ఒక్కసారి మాత్రమే టక్కుమని ఆగిపోతే మాత్రం స్ట్రట్ మౌంట్ (షాక్ అబ్జార్బర్ పైభాగాన్ని పట్టి ఉంచేది), బాల్ జాయింట్ (చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండు కీలు), హబ్ నట్టు (షాఫ్ట్‌ను చక్రానికి బిగించే నడిమి పెద్ద నట్టు) కూడా చూడాలి.

40 దాటాక కారంతా వణుకుతోంది, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతోంది. టైర్లు బ్యాలెన్స్ చేయించినా పోలేదు.

ఇది గేర్‌బాక్స్ సైడు జాయింట్ లక్షణం. రోలర్లు తిరిగే గాడులు అరిగితే, లోడు పడ్డప్పుడు షాఫ్ట్ ఒక పక్కకు లాగి వదులుతుంది. ఆ ఊపే సీటు దాకా వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు బాగా తెలుస్తుంది. టైరు బ్యాలెన్స్ వణుకు అలా కాదు. అది సాధారణంగా 80 పైన మొదలై, యాక్సిలరేటర్ వదిలినా అదే వేగంలో కొనసాగుతుంది. ఇంజిన్ మౌంట్ పోయినా వణుకుతుంది కానీ అది కారు ఆగి ఉన్నప్పుడు కూడా తెలుస్తుంది. ఈ మూడింటినీ వేరు చేయకుండా యాక్సిల్ కొంటే డబ్బు వృథా.

గుయ్‌మని శబ్దం వస్తోంది. గతుకుల్లో డబడబమంటోంది. ఇవి కూడా యాక్సిల్‌వేనా?

సాధారణంగా కావు. వేగంతో పెరుగుతూ, మలుపులో బరువు ఒక పక్కకు పడగానే మారే గుయ్‌ శబ్దం వీల్ బేరింగ్‌ది. చక్రాన్ని గాల్లోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక తెలిస్తే బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ లూజైనట్టు. స్పీడ్ బ్రేకర్ల మీద డబడబలు స్టెబిలైజర్ లింకు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్ల నుంచి వస్తాయి.

రెండింటిలో ఏ వైపు పోయిందో ఎలా తేల్చాలి?

"ఎడమకు తిప్పితే శబ్దం వస్తే కుడి యాక్సిల్" అనే మాట వింటుంటాం. బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ లోపలి చక్రం ఎక్కువ కోణంలో వంగుతుంది కాబట్టి తప్పు కూడా అవుతుంది. నమ్మదగ్గ పద్ధతి కళ్లతో చూడడమే. చక్రం రిమ్ము లోపలి అంచున, లోయర్ ఆర్మ్ మీద, బ్రేక్ క్యాలిపర్ మీద నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే ఆ వైపు బూట్ చిరిగింది. ఆ తర్వాత కారును స్టాండ్ల మీద ఉంచి, ఇంజిన్ ఆపి, షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ మెలితిప్పండి. గేర్‌బాక్స్ సైడు కొద్దిపాటి ఆట మామూలే. వీల్ సైడు ఠక్కుమని తగిలే ఆట ఉంటే అది అరిగినట్టే.

బూట్ చిరిగింది కానీ శబ్దమేమీ లేదు. మొత్తం యాక్సిల్ మార్చాలా?

ఇప్పుడే చేస్తే అక్కర్లేదు, బూట్ కిట్ చాలు. యాక్సిళ్లలో చాలా భాగం చచ్చేది బూట్ చిరిగే. గ్రీజు బయటికి పోయి, వాన నీళ్లూ ఎర్రమట్టీ లోపలికి చేరితే ఆ మట్టే సానరాయిలా గాడుల్ని అరగదీస్తుంది. చిరిగి కొద్దిరోజులే అయితే, జాయింట్‌ను కిరసనాయిలుతో కడిగి గుండ్లనూ గాడులనూ చూడండి. నున్నగా మెరుస్తుంటే కొత్త గ్రీజు నింపి కొత్త బూట్ వేయొచ్చు. వేలిగోటికి తగిలే గుంటలు గానీ, గుండ్లను పట్టి ఉంచే పంజరంలో పగుళ్లు గానీ ఉంటే బూట్ డబ్బులు దండగ. చిరిగిన చోట టేపు చుట్టడం, ప్లాస్టిక్ జిప్ టై కట్టడం ఒక వాన కూడా ఆగవు.

టకటకలతోనే ఎన్నాళ్లు నడపొచ్చు?

ఇన్ని కిలోమీటర్లని హామీ ఎవరూ ఇవ్వలేరు. మలుపులోనే వినబడేది నేరుగా వెళ్తున్నప్పుడు కూడా వినబడుతోందంటే ఇక బండి తీయకండి. జాయింట్ విడిపోతే గేర్ వేసినా కారు కదలదు. శక్తంతా విడిపోయిన వైపుకే పోయి వృథాగా తిరుగుతుంది. ఆటోమేటిక్ కార్లకు ఇంకో పెద్ద ప్రమాదం ఉంది: పీ గేర్ పట్టి ఉంచేది గేర్‌బాక్స్‌ను మాత్రమే. షాఫ్ట్ విడిపోతే పీలో పెట్టినా ఏటవాలులో కారు జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ తప్పనిసరి.

## రెండో దశ: సామాను కొనడం

కొత్తది కొనాలా, రీకండిషన్‌ది సరిపోతుందా?

కారు ఇంకా కొన్నేళ్లు ఉంచుకునేటట్టయితే కంపెనీ విడిభాగమో, జీకేఎన్, ఎన్‌టీఎన్ లాంటి తయారీదారులదో కొనండి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి చోట్ల పాత కార్ల నుంచి తీసినవి, రీకండిషన్ చేసినవి కూడా దొరుకుతాయి. పాత ఒరిజినల్ యాక్సిల్‌కు జాయింట్లు గట్టిగా ఉంటే, బూట్లు మార్చి వాడుకోవడం పేరు తెలియని చవక కొత్తదానికంటే మేలని మా అభిప్రాయం. చవక రకాల్లో బూట్ రబ్బరు ఎండకు త్వరగా పగులుతుంది, ఒక్కోసారి పొడవులో కూడా తేడా వస్తుంది. అరిగిన గాడిలో పెద్ద గుండ్లు వేసి బిగించిన రీకండిషన్ జాయింట్ మాత్రం వద్దు. గాడి ఆకారమే చెడిపోయాక గుండు మార్చి లాభం లేదు.

వీల్ సైడు జాయింట్ ఒక్కటే విడిగా అమ్మే కార్లూ ఉన్నాయి. గేర్‌బాక్స్ సైడు బాగుంటే అది తెలివైన ఖర్చే.

యాక్సిల్‌తో పాటు ఇంకేం కొనాలి?

కొత్త హబ్ నట్టు, గేర్‌బాక్స్ వైపు ఆయిల్ సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు), షాఫ్ట్ చివర ఉండి దాన్ని గేర్‌బాక్స్‌లోంచి ఊడకుండా పట్టే తీగ రింగు, అంటే సర్క్లిప్ (కొత్త యాక్సిల్‌తో రాకపోతే), స్ప్లిట్ పిన్ ఉండే కారైతే కొత్త పిన్, కారు మాన్యువల్ చెప్పిన గేర్ ఆయిల్. కొనేటప్పుడు ఛాసిస్ నంబరు చెప్పండి. ఒకే మోడల్‌లో పెట్రోలుకీ డీజిలుకీ, మాన్యువల్‌కీ ఆటోమేటిక్‌కీ, ఏబీఎస్ ఉన్నదానికీ లేనిదానికీ యాక్సిల్ వేరుగా ఉండొచ్చు. కుడి, ఎడమ పొడవులు కూడా చాలా కార్లలో వేరు.

ఏ పనిముట్లు ఉండాలి?

హబ్ నట్టుకు సరిపోయే మందపాటి సాకెట్ (చాలా కార్లకు 30 లేదా 32 మిల్లీమీటర్లు, మీదానికి కొలిచి కొనండి), అర అంగుళం సాకెట్లు పట్టే పొడవాటి కడ్డీ, దానికి తొడగడానికి మీటరు ఇనుప గొట్టం, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా), 12 నుంచి 19 దాకా రింగు పానాలు, రెండు పొడవాటి లివర్లు, రాగి లేదా ప్లాస్టిక్ తల సుత్తి, సన్న ఉలి, ఆయిల్ పట్టే తొట్టి, జాకీ, రెండు స్టాండ్లు. పోలో, వెంటో లాంటి ఫోక్స్‌వ్యాగన్ కార్లలో లోపలి జాయింట్ గేర్‌బాక్స్ ఫ్లాంజికి బోల్టులతో బిగించి ఉంటుంది. వాటికి చాలా మూలలుండే ప్రత్యేక బిట్ కావాలి. సరిపోని బిట్‌తో బోల్టు తల అరిగితే సగం రోజు పోతుంది.

జాయింట్‌లో ఏ గ్రీజు వేయాలి? ఇంట్లో బేరింగ్ గ్రీజు డబ్బా ఉంది.

అది వద్దు. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్లటి సీవీ జాయింట్ గ్రీజే వాడాలి (యాక్సిల్ జాయింట్లకే సీవీ జాయింట్లని పేరు). గుండ్లకూ గాడులకూ మధ్య పడే ఒత్తిడిని మామూలు గ్రీజు తట్టుకోదు. కిట్‌లో వచ్చే ప్యాకెట్ మొత్తం వాడండి. చిన్న కార్లకు ఒక్కో జాయింట్‌కు సుమారు 80 నుంచి 120 గ్రాములు పడుతుంది. ముందు గుండ్ల మధ్యకు వేలితో ఒత్తి, మిగిలింది బూట్‌లో పెట్టాలి. లోపలి జాయింట్‌కు వేరే ప్యాకెట్ ఇస్తే దాన్ని దానికే వాడండి.

## మూడో దశ: విప్పడం

ఇంటి ముందు చేసుకోగల పనేనా?

బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు సొంతంగా మార్చుకున్న అనుభవం ఉంటే చేసుకోవచ్చు. మొదటిసారి ఒక వైపుకే సగం రోజు పెట్టుకోండి, పక్కన మరో మనిషి ఉండాలి. చదునైన సిమెంటు నేల కావాలి. మట్టి నేల మీద, వీధి వాలులో ఈ పని వద్దు.

కారును ఎలా ఎత్తి నిలపాలి?

హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. జాకీతో ఎత్తాక కంపెనీ చెప్పిన చోట స్టాండ్లు పెట్టి, కారును వాటి మీదికి దించండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు, సిమెంటు బ్లాకులు ఒక్క దెబ్బకు పిండి అయిపోతాయి. ఈ పనిలో లివర్లతో కారును గట్టిగా లాగుతారు కాబట్టి, కిందికి దూరే ముందు చేత్తో ఊపి చూడడం మరవకండి.

హబ్ నట్టు ఎంత లాగినా రావడం లేదు.

ముందు దాని తాళం విప్పారా? చాలా కార్లలో నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి కొట్టి మడిచి ఉంచుతారు. ఆ మడతను సన్న ఉలితో పూర్తిగా పైకి లేపాలి, లేకపోతే మర చెడిపోతుంది. కొన్నిటికి స్ప్లిట్ పిన్ ఉంటుంది. చక్రం నేల మీద ఉండగానే, నడుమ మూత తీసి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుంటే, గొట్టం తొడిగిన కడ్డీతో లాగండి. కాకినాడ, విశాఖ లాంటి తీర ప్రాంతపు కార్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. నట్టు వదులైతే చాలు, పూర్తిగా విప్పొద్దు. నట్టు వదులైన కారును దొర్లించొద్దు కూడా, వీల్ బేరింగ్ దెబ్బతింటుంది.

చక్రం తీశాక ఏ క్రమంలో విప్పాలి?

ఏబీఎస్ సెన్సర్ ఉంటే దాని వైరును, బ్రేక్ గొట్టం క్లిప్పును ముందు విడిపించండి. తర్వాత చక్రం నకిల్‌ను (హబ్‌నూ బ్రేకునూ మోసే ఇనుప భాగం) బయటికి లాగడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌ను విడదీయడం. స్విఫ్ట్ లాంటి కార్లలో ఒక అడ్డ బోల్టు పూర్తిగా బయటికి తీసి, స్టెబిలైజర్ లింకు విప్పి, ఆర్మ్‌ను పొడవాటి గొట్టంతో కిందికి నొక్కితే బాల్ జాయింట్ జారి వస్తుంది. దాని రబ్బరు చిరగకుండా చూసుకోండి. రెండోది, స్ట్రట్‌ను నకిల్‌కు పట్టి ఉంచే రెండు బోల్టులు తీయడం. సులువే కానీ చక్రం కోణం మారొచ్చు. ముందే తెల్ల పెయింటుతో గుర్తు పెట్టుకోండి. వీలైతే మొదటి దారే మంచిది.

క్యాలిపర్ తీయాల్సి వస్తే దాన్ని తీగతో స్ప్రింగుకు వేలాడదీయండి. బ్రేక్ గొట్టం మీద వేలాడితే గొట్టం లోపల చిరుగుతుంది.

షాఫ్ట్ హబ్‌లో ఇరుక్కుపోయింది. సుత్తితో కొట్టొచ్చా?

ఉక్కు సుత్తితో నేరుగా వద్దు. మర పుట్టగొడుగులా విచ్చుకుని, షాఫ్ట్ ఇక ఏ దారినా బయటికి రాదు. పాత యాక్సిలే తీసేస్తున్నా ఇదే వర్తిస్తుంది. నట్టును షాఫ్ట్ చివరతో సమంగా తిప్పి పెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టండి. కదలకపోతే హబ్ పుల్లర్ అద్దెకు తెచ్చుకోండి. దెబ్బల జోరు పెంచితే బేరింగ్ పోతుంది.

షాఫ్ట్ పట్టుకుని లాగితే గేర్‌బాక్స్ వైపు జాయింట్ ఊడి, కప్పు అక్కడే ఉండిపోయింది!

కడ్డీ పట్టుకుని లాగినందువల్ల రోలర్లు వాటిని పట్టి ఉంచే ఉక్కు కప్పులోంచి జారి వచ్చాయి. కప్పు వెనక, గేర్‌బాక్స్ గోడకు ఎదురెదురుగా రెండు లివర్లు పెట్టి ఒకేసారి గట్టిగా కుదిపితే లోపలి సర్క్లిప్ వదిలి కప్పు బయటికి వస్తుంది. లివర్ ఆనే చోట అల్యూమినియం గోడ బలంగా ఉండాలి, ఆయిల్ సీల్ మీద ఆనించొద్దు. కొన్ని కార్లలో కుడి వైపు మధ్యలో బేరింగ్‌తో ఇంకో చిన్న షాఫ్ట్ ఉంటుంది. అప్పుడు యాక్సిల్ ఊడేది గేర్‌బాక్స్ దగ్గర కాదు, ఆ షాఫ్ట్ చివర.

గేర్ ఆయిల్ అంతా కారిపోతుందా?

కొంత తప్పకుండా కారుతుంది, తొట్టి ముందే పెట్టండి. ఆయిల్ పాతదైతే ఈ వంకతో పూర్తిగా తీసేసి కొత్తది పోయడం మంచిది. అయితే డ్రైన్ నట్టు విప్పే ముందే ఆయిల్ నింపే నట్టు వస్తోందో లేదో చూసుకోండి. ఖాళీ చేశాక అది రాకపోతే కారు కదిలించలేరు.

రెండు వైపులా ఒకేసారి తీసేయొచ్చా?

వద్దు. కొన్ని గేర్‌బాక్స్‌లలో రెండు షాఫ్టులూ లేకపోతే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే భాగం) లోపలి పళ్ల చక్రాలు పక్కకు జరిగిపోతాయి. అప్పుడు గేర్‌బాక్స్ దించక తప్పదు. ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండోది తీయండి.

## నాలుగో దశ: బిగించడం

కొత్తది నేరుగా దూర్చేయొచ్చా?

ముందు పాతదాని పక్కన నేల మీద పడుకోబెట్టండి. పొడవు, రెండు చివర్లా స్ప్లైన్ పళ్ల లెక్క, మర మందం, సీల్ ఆనే భాగం వెడల్పు, పాతదానికి ఏబీఎస్ పళ్ల రింగు ఉంటే కొత్తదానికీ అన్నే పళ్లు: అన్నీ కలవాలి. తేడా ఉంటే షాపుకు వెనక్కి ఇచ్చేయండి. గ్రీజు అంటాక తీసుకోరు.

ఆయిల్ సీల్ బాగానే ఉంది. అయినా మార్చాలా?

మార్చండి. పాత సీల్ పెదవి పాత షాఫ్ట్‌కు అలవాటుపడి గట్టిపడి ఉంటుంది. కొత్త షాఫ్ట్ మీద అది కారే అవకాశం ఎక్కువ, కారితే ఇదంతా మళ్లీ విప్పాలి. పాతది ఎంత లోతులో ఉందో చూసుకుని, సీల్ అంచుకు సరిపోయే గొట్టంతో చుట్టూ సమంగా దించండి. పెదవికి కొంచెం గేర్ ఆయిల్ రాయండి. షాఫ్ట్ దూర్చేటప్పుడు పళ్లు సీల్‌కు గీసుకోకుండా తిన్నగా పట్టుకోవాలి. కొత్తగా వేసిన సీళ్లు ఎక్కువగా చెడిపోయేది ఈ ఒక్క క్షణంలోనే.

గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా దిగిందని ఎలా తెలుస్తుంది?

సర్క్లిప్‌కు కొద్దిగా గ్రీజు రాసి మధ్యకు నిలిపి, పళ్లు కలిశాక ఒక్క ఊపున నెట్టండి. టక్కుమని కూర్చుంటుంది. తర్వాత కడ్డీని కాదు, కప్పును చేత్తో బయటికి లాగి చూడండి. రాకూడదు. సగమే దిగితే కొంత దూరం బాగానే నడిచి, మలుపులో బయటికి జారి ఆయిల్ అంతా రోడ్డు మీద పోతుంది.

హబ్ నట్టు ఎంత బిగించాలి? టార్క్ రెంచి తప్పనిసరా?

కారును బట్టి సుమారు 175 నుంచి 280 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకే చివరి మాట. ఈ నట్టే వీల్ బేరింగ్‌ను కూడా బిగించి పట్టుకుంటుంది కాబట్టి, తక్కువైతే బేరింగ్ పోతుంది, మరీ ఎక్కువైతే మర సాగుతుంది. అందాజుగా చెప్పాలంటే, 175 న్యూటన్ మీటర్లంటే మీటరు గొట్టం చివర దాదాపు 18 కిలోల బరువు వేసినంత. ఈ లెక్క దగ్గర్లోని షాపు దాకా మెల్లగా వెళ్లడానికే. టార్క్ రెంచి అద్దెకైనా తెచ్చుకోండి.

కొత్త నట్టే వాడాలి. చక్రం ఇంకా గాల్లో ఉండగా, ఒకరు బ్రేక్ తొక్కి ఉంచితే, పూర్తి టార్కుకు బిగించాకే కారు బరువు దించండి. తర్వాత నట్టు అంచును మొద్దు పంచితో గాడిలోకి కొట్టి మడవండి. ఇంపాక్ట్ గన్‌తో "గట్టిగా వేసేశాం" అనడం బిగించడం కాదు.

బాల్ జాయింట్ బోల్టు దూరడం లేదు.

బాల్ జాయింట్ కాడకు ఒక గాడి ఉంటుంది. బోల్టు ఆ గాడిలోంచే వెళ్తుంది. కాడ పైదాకా ఎక్కలేదన్నమాట. ఆర్మ్‌ను జాకీతో కొద్దిగా పైకి నెట్టి మళ్లీ ప్రయత్నించండి. బోల్టును సుత్తితో కొట్టి దూర్చొద్దు. చక్రం నిలిచేది దాని మీదే.

ఆయిల్ ఎంత పోయాలి?

చాలా మాన్యువల్ గేర్‌బాక్స్‌లకు కొలత రంధ్రం ఉంటుంది. కారు సమంగా ఉన్నప్పుడు ఆ రంధ్రం అంచు దాకా వచ్చి కొద్దిగా కారేవరకు పోయాలి. ఒక పక్క ఎత్తి ఉంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. మొత్తం పట్టేది చిన్న కార్లకు రెండు లీటర్ల అటూ ఇటూ. ఆటోమేటిక్, సీవీటీ గేర్‌బాక్స్‌లకు కంపెనీ చెప్పిన ద్రవం తప్ప మరేదీ పోయొద్దు.

## ఐదో దశ: పని అయ్యాక

వీల్ అలైన్‌మెంట్ చేయించాలా?

బాల్ జాయింట్ ఒక్కటే విప్పితే సాధారణంగా అక్కర్లేదు. స్ట్రట్ బోల్టులు గానీ, స్టీరింగ్ రాడ్డు చివర గానీ కదిలిస్తే చేయించాలి.

ఏబీఎస్ లైటు వెలిగి ఆరడం లేదు.

మొదట సెన్సర్ ప్లగ్గు, వైరు చూడండి. అది సరిగానే ఉంటే సెన్సర్ కొన మీద ఇనుప రజను అంటిందేమో తుడవండి. పళ్ల రింగు ఉన్న యాక్సిల్ అయితే రింగు పగిలిందా, పళ్ల లెక్క కలిసిందా అన్నది తర్వాతి అనుమానం.

కొత్త యాక్సిల్ వేసినా వణుకు పోలేదు.

మూడు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. పోయింది రెండో వైపుది కావడం, కొత్తదే నాసిరకం కావడం, ఇంజిన్ మౌంట్ కుంగి షాఫ్ట్ కోణం మారిపోవడం. మౌంట్ కుంగితే ఎన్ని యాక్సిళ్లు మార్చినా లోపలి జాయింట్ మళ్లీ మళ్లీ అరుగుతుంది. అందుకని ముందు మౌంట్లే చూడండి.

మార్చాక ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

మొదటి 10 కిలోమీటర్ల తర్వాత చక్రం నట్టులను టార్క్ రెంచితో మరోసారి చూడండి, గేర్‌బాక్స్ కింద తడి ఉందేమో పరీక్షించండి. వారం తర్వాత సీల్ దగ్గర మళ్లీ తుడిచి చూడండి. సన్నటి తడి ఆగిపోతే అది మిగిలిన పాత ఆయిలే, బొట్టు కడితే సీల్ గీసుకుందన్నమాట. ఆ తర్వాత వానాకాలం ముందొకసారి, వెనకొకసారి స్టీరింగ్ చివరిదాకా తిప్పి, బూట్ మడతల మధ్య టార్చి వేసి చూడండి. పగులు కనిపించిన రోజే కిట్ తెచ్చుకుంటే యాక్సిల్ మిగులుతుంది.

తీసిన ఆయిల్, కిరసనాయిలు ఏం చేయాలి?

కాలవలో పోయొద్దు. మూతున్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటరుకు ఇవ్వండి. గ్రీజు గుడ్డలు నిప్పుకు దూరంగా ఉంచండి.